కండువా ఎక్కడ వేసుకోవచ్చు, ఎక్కడ తీసేయాలి? ప్రచార దుస్తుల వెనక ఉన్న చట్టం

ఎన్నికలు దగ్గరపడితే మన ఊళ్లలో ముందు రంగు మారేది మెడల మీద. గోడల రాతల కంటే, మైకుల కంటే ముందు కండువాలు దిగుతాయి. ఒకే వీధిలో పసుపు, గులాబీ, మూడు రంగులు, కాషాయం, నీలం, ఎరుపు కనబడతాయి. వాటితోపాటే ప్రతిసారీ అవే సందేహాలు వస్తాయి. చీరలు పంచితే కేసు పెడతారు, కండువాలు పంచితే ఎందుకు పెట్టరు? పసుపు చీర కట్టుకుని ఓటుకెళ్తే ఆపుతారా? గెలిచిన ఎమ్మెల్యే వేరే పార్టీ కండువా కప్పించుకుంటే పదవి ఊడుతుందా? వాట్సాప్‌లో తిరిగే జవాబులు ఎక్కువగా సగం నిజాలే.

అసలు విషయం ఏమిటంటే, చట్టం కండువాను ఒక వస్తువుగా చూడదు. దాన్ని ఎవరు కొన్నారు, దాని మీద ఏం అచ్చేశారు, ఎప్పుడు, ఎక్కడ వేసుకున్నారు అన్నదాన్ని బట్టి అదే గుడ్డ ఒకచోట మామూలు బట్ట, ఒకచోట ఎన్నికల ఖర్చు, ఇంకోచోట నేరం అవుతుంది.

ముందు ఆ గుడ్డనే చూద్దాం

ఒక పార్టీ కండువాను చేతిలోకి తీసుకోండి. చాలావరకు పాలిస్టర్. నిగనిగలాడుతుంది, చెమట పీల్చదు, నాలుగు ఉతుకులకు అచ్చు వెలిసిపోతుంది. రెండు కొసల్లోనూ పార్టీ గుర్తు ఉంటుంది. మంచం మీద పరిస్తే ఒక కొసన ఉన్న గుర్తు తలకిందులుగా కనబడుతుంది. అది అచ్చులో తప్పు కాదు. మెడలో వేసుకున్నప్పుడు రెండు కొసలూ ఛాతీ మీదకు వేలాడతాయి కాబట్టి, ఎదుటివాళ్లకు రెండు గుర్తులూ నిటారుగా కనబడాలని అలా తిప్పి వేస్తారు. అంటే ఇది వేసుకునేవాడి సుఖం కోసం చేసిన బట్ట కాదు, చూసేవాడి కంటి కోసం చేసిన బట్ట.

మన పెద్దల భుజం మీద ఉండే పైకండువా, రైతు తలకు చుట్టుకునే తువ్వాలు వేరు. అవి ఎండకు, చెమటకు, మర్యాదకు. పార్టీ కండువా ఆ అలవాటునే ఆసరా చేసుకుని వచ్చింది. అప్పటికే భుజం మీద ఒక గుడ్డ ఉండే సమాజంలో దానికి రంగు వేయడం తేలిక. సిరిసిల్ల మరమగ్గాల మీద ఎన్నికల సీజన్‌లో పార్టీ జెండాలు, కండువాల గుడ్డ జోరుగా తయారవుతుంది. ఒకే షెడ్డులో పక్కపక్కనే ప్రత్యర్థి పార్టీల గుడ్డ నేసే మనుషులకు అది కొన్నాళ్ల పని దొరకడం. ఈ మాట చర్చల్లో ఎవరూ ఎత్తరు గానీ, ఎత్తాల్సిన మాటే.

కండువాకు ఓకే, చీరకు నో: ఎందుకు?

ఎన్నికల సంఘం ఈ విషయంలో ఒక గీత గీసింది. ప్రచారంలో టోపీ, మాస్క్, కండువా లాంటివి పార్టీ గానీ అభ్యర్థి గానీ ఇవ్వొచ్చు, ఆ ఖర్చు లెక్కలో చూపించాలి. చీర, చొక్కా లాంటి ప్రధాన దుస్తులు మాత్రం పంచకూడదు. అవి ఓటరుకు లంచం కిందకు రావచ్చు.

తేడా ధరలో లేదు, వాడకంలో ఉంది. పార్టీ గుర్తున్న కండువాను పెళ్లికి వేసుకెళ్లరు. ఎన్నికలయ్యాక అది బండి తుడుచుకోవడానికో, కిటికీకి కట్టుకోవడానికో పోతుంది. దాని విలువంతా ప్రచారంలోనే. చీర అలా కాదు. ఓటు వేసినా వేయకపోయినా ఇంట్లో మిగిలే వస్తువు, ఒక కుటుంబానికి కొనే భారం తప్పించే వస్తువు. అందుకే దాన్ని చట్టం ప్రతిఫలంగా చూస్తుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని సెక్షన్ 123(1) ప్రకారం లంచం అవినీతి చర్య. అది కోర్టులో రుజువైతే ఎన్నిక రద్దు కావచ్చు. భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన నేర చట్టం) సెక్షన్ 170, 173 కింద అది నేరం కూడా, ఏడాది దాకా జైలు పడొచ్చు. అభ్యర్థి లేదా పార్టీ మనుషుల వాహనంలో ఓటర్లను ప్రలోభపెట్టడానికి వాడే అవకాశమున్న 10,000 రూపాయలకు మించిన కానుకలు దొరికితే తనిఖీ బృందాలు పట్టుకుంటాయి. చెక్‌పోస్టుల దగ్గర చీరల మూటలు ఆగేది అందుకే.

మధ్యలో చిక్కు పెట్టేది టీషర్టు. ముందు పార్టీ గుర్తు, వెనక అభ్యర్థి ఫొటో. ప్రచారంలో తిరిగే కార్యకర్తకు అది యూనిఫాం లాంటిదని పార్టీలు అంటాయి. కానీ చొక్కా ప్రధాన దుస్తుల జాబితాలోనే ఉంది. ఇంటింటికీ పంచితే తప్పని చెప్పడం తేలిక. బైక్ ర్యాలీకి వచ్చిన 200 మంది కుర్రాళ్లకు ఇస్తే? వాళ్లు కార్యకర్తలా, ఓటర్లా? ఎక్కువమంది రెండూ. నా ఉద్దేశంలో ఈ నిబంధనలో అన్నిటికంటే బలహీనమైన కుట్టు ఇదే.

ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుంది?

అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 40 లక్షల రూపాయలు, లోక్‌సభకు 95 లక్షలు. 2022 జనవరిలో పెంచిన లెక్క ఇది. నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం ప్రకటించే రోజు దాకా అయిన ఖర్చంతా ఇందులోకి వస్తుంది. ముందే కొని దాచి, నామినేషన్ తర్వాత వాడిన సామగ్రి కూడా లెక్కే.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. అంకెలు ఊహించుకున్నవి. ఒక అసెంబ్లీ అభ్యర్థి సభకు 4,000 కండువాలు, 1,000 టోపీలు వచ్చాయి. జిల్లా ఎన్నికల అధికారి ప్రకటించిన ధరల పట్టికలో కండువా 12 రూపాయలు, టోపీ 10 రూపాయలు అనుకుందాం. కండువాలకు 48,000, టోపీలకు 10,000, మొత్తం 58,000. పరిమితిలో అది 1.45 శాతం. చిన్నదే. కానీ అలాంటి పది సభలకు ప్రతిసారీ కొత్తవి పంచితే 5,80,000 అవుతుంది. అంటే 14.5 శాతం. అప్పటికి కుర్చీలు, వాహనాలు, మైకులు, భోజనాలు ఇంకా లెక్కకే రాలేదు.

ఇప్పుడు అభ్యర్థి తన రిజిస్టర్‌లో 1,000 కండువాలే రాశాడనుకోండి. సభను ఎన్నికల అధికారుల వీడియో బృందం తీసే ఉంటుంది. ఆ వీడియో చూసి మరో బృందం వస్తువులను లెక్కగడుతుంది. అకౌంటింగ్ బృందం వాటిని షాడో అబ్జర్వేషన్ రిజిస్టర్‌లో, అంటే అధికారులు విడిగా రాసుకునే లెక్కల పుస్తకంలో, రాస్తుంది. ప్రచార కాలంలో అభ్యర్థి రిజిస్టర్‌ను కనీసం మూడుసార్లు తనిఖీ చేస్తారు. అప్పుడు ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే 3,000 కండువాలు, అంటే 36,000 రూపాయలు తేడా వస్తుంది. నోటీసు వెళ్తుంది, సంజాయిషీ అడుగుతారు. అభ్యర్థి చెప్పే మామూలు జవాబు: "వాళ్లు ఇంట్లో ఉన్న పాతవి వేసుకొచ్చారు." అది అబద్ధమే కానక్కర్లేదు. పదేళ్లుగా పార్టీలో ఉన్న మనిషి ఇంట్లో నాలుగు కండువాలుంటాయి. వీడియోలో కొత్త కండువాకు, పాత కండువాకు తేడా తెలియదు.

మరో పేచీ పార్టీకీ అభ్యర్థికీ మధ్య. పార్టీ సాధారణ ప్రచారానికి పెట్టే ఖర్చు పార్టీ ఖాతాలో పడుతుంది, దానికి గరిష్ఠ పరిమితి లేదు. అభ్యర్థికి ఉంది. కాబట్టి వీలైనంత ఖర్చును పార్టీ వైపు తోయాలని చూడటం సహజం. టోపీ, కండువా లాంటివి సంబంధిత అభ్యర్థి ఖర్చులో చూపాలన్నది ఎన్నికల సంఘం మాట. కండువా మీద అభ్యర్థి ఫొటో ఉంటే వాదనే లేదు. గుర్తు మాత్రమే ఉండి, రాష్ట్ర నాయకుడి రోడ్‌షోలో కనబడితే వాదన మొదలవుతుంది.

అభిమాని తన డబ్బుతో ఒకటి కొనుక్కుని వేసుకుంటే ఎవరూ అడగరు. అదే అభిమాని వెయ్యి కొని ఊరంతా పంచితే సంగతి వేరు. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా అతని గెలుపు కోసం ఖర్చు పెట్టడం న్యాయ సంహిత సెక్షన్ 176 కింద నేరం, 10,000 రూపాయల దాకా జరిమానా. అనుమతి ఉంటే ఆ ఖర్చు అభ్యర్థి లెక్కలోకి వస్తుంది. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్కలు ఇవ్వాలి. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే మూడేళ్లు అనర్హత వేటు పడొచ్చు.

నాయకుడి బట్టలు: వాటిని ఎవరూ లెక్కగట్టరు

నాయకుడు ఒంటి మీద ఏం వేసుకోవాలన్న నిబంధన లేదు. అయినా మన రాజకీయాల్లో ఎక్కువ మాట్లాడింది ఆ బట్టలే. గాంధీ 1921 సెప్టెంబరు 22న మదురైలో పూర్తి దుస్తులు వదిలి కొల్లాయికి మారారు. ఎన్టీఆర్ 1982-83లో ఖాకీ బట్టల్లో చైతన్యరథం మీద ఊరూరా తిరిగారు, ముఖ్యమంత్రి అయ్యాక కాషాయంలోకి వచ్చారు. 2003లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచినప్పుడు పంచెకట్టు, తలపాగా. రైతు పొలం గట్టు మీద కనబడే తీరే అది. ఈ ముగ్గురి బట్టలూ ఉపన్యాసం మొదలుకాకముందే సగం మాట చెప్పేశాయి.

అది నటన అనేవాళ్లున్నారు. వాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు: కోట్ల ఆస్తి ఉన్నవాళ్లు పంచె కట్టినంత మాత్రాన రైతు కష్టం తెలిసినట్టు కాదు. ఎదుటి వాదనా బలమైనదే. అక్షరం రాని ఓటరుకు, టీవీ లేని రోజుల్లో, దూరం నుంచి చూసే జనానికి నాయకుడు తాను ఎవరి పక్షమో చెప్పుకోవడానికి బట్ట కంటే సూటి భాష లేదు. ఒకసారి అలా చెప్పుకున్నాక జనం దాన్ని పట్టుకుని నిలదీయగలరు కూడా.

నిలదీశారు కూడా. 2015 జనవరిలో ప్రధాని మోదీ తన పేరే గీతలుగా నేసిన సూటు వేసుకున్నారు. విమర్శలు వచ్చాయి. ఫిబ్రవరిలో సూరత్‌లో వేలం వేస్తే అది 4.31 కోట్ల రూపాయలు పలికింది. 2022 సెప్టెంబరులో రాహుల్ గాంధీ భారత్ జోడో యాత్ర మొదలుపెట్టగానే ఆయన టీషర్టు ధర 41,257 రూపాయలని బీజేపీ పోస్టు పెట్టింది. కాంగ్రెస్ పాత సూటును గుర్తుచేసింది. రెండు వైపులా వాదన ఒకటే: నువ్వు వేసుకున్నదీ నువ్వు చెప్పేదీ కలవడం లేదు.

రంగుకు యజమాని ఉంటాడా?

పార్టీకి గుర్తును కేటాయించేది ఎన్నికల సంఘం. రంగును ఎవరూ కేటాయించరు. పసుపు టీడీపీదనీ, గులాబీ బీఆర్ఎస్‌దనీ, ఎరుపు కమ్యూనిస్టులదనీ మనం అనుకోవడం అలవాటు వల్ల వచ్చింది. పసుపు మన గడపలకు రాసేది కూడా. ఆకుపచ్చ ఎంఐఎం జెండాలోనూ ఉంది, కాంగ్రెస్ కండువాలోనూ ఉంది.

అలాగని రంగుకు అసలు విలువ లేదనీ చెప్పలేం. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ భవనాలకు అధికార పార్టీ జెండా రంగులు వేస్తే 2020లో హైకోర్టు తీసేయమంది, సుప్రీంకోర్టూ దాన్ని సమర్థించింది. 2012లో ఉత్తరప్రదేశ్ ఎన్నికలప్పుడు పార్కుల్లోని ఏనుగు విగ్రహాలను ఎన్నికల సంఘం గుడ్డలతో కప్పించింది, ఏనుగు బీఎస్పీ గుర్తు కాబట్టి. ఆ రెండుచోట్లా అసలు సమస్య ప్రభుత్వ సొమ్ము, ప్రభుత్వ స్థలం. ఒక మనిషి తన ఒంటి మీద వేసుకునే రంగును వీటితో కలిపి చూడకూడదు.

తమిళనాడు పంచెలు ఈ చిక్కును బాగా చూపిస్తాయి. తెల్ల పంచెకు నలుపు, ఎరుపు అంచు ఉంటే డీఎంకే. నలుపు, ఎరుపు మధ్య తెలుపు కూడా ఉంటే అన్నాడీఎంకే. దాని మీద పేరు లేదు, గుర్తు లేదు, నినాదం లేదు. అయినా బస్టాండులో చూసిన ప్రతి మనిషికీ అతను ఏ పార్టీయో తెలిసిపోతుంది.

జెండా, యూనిఫాం, దేవుడు

ఇక్కడ చట్టం గట్టిగానే ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 123(3) ప్రకారం మతం పేరుతో ఓటు అడగడం, మత చిహ్నాలనూ జాతీయ పతాకం, రాజముద్ర లాంటి జాతీయ చిహ్నాలనూ గెలుపు కోసం వాడుకోవడం అవినీతి చర్య. కాంగ్రెస్ మూడు రంగుల కండువా దీని కిందకు రాదా అని చాలామంది అడుగుతారు. ఆ పార్టీ జెండాలో మధ్యన ఉండేది హస్తం, అశోకచక్రం కాదు. అందుకే రెండూ వేరు వేరు.

సైనిక దుస్తుల సంగతి 2019 మార్చిలో పైకి వచ్చింది. అప్పటి ఢిల్లీ బీజేపీ అధ్యక్షుడు మనోజ్ తివారీ సైనికుల చొక్కాలాంటిది వేసుకుని బైక్ ర్యాలీలో పాల్గొన్నారు. జవాన్ల త్యాగాన్ని ఓట్లకు వాడుతున్నారని ప్రత్యర్థులు అన్నారు. సైన్యం మీద గర్వంతో వేసుకున్నానని ఆయన అన్నారు. సైనికుడినని నమ్మించే ఉద్దేశంతో ఆ దుస్తులు వేసుకుంటేనే శిక్ష ఉంది. సంఘీభావంగా వేసుకున్నానంటే ఆ శిక్ష వర్తించడం కష్టం. ఆ నెలలోనే ఎన్నికల సంఘం రక్షణ సిబ్బంది ఫొటోలను ప్రచారంలో వాడొద్దని పార్టీలకు మళ్లీ గుర్తుచేసింది.

కండువా కప్పుకుంటే పార్టీ మారినట్టేనా?

తెలుగులో "కండువా మార్చాడు" అంటే పార్టీ మారాడనే. కానీ చట్టంలో కండువా అనే మాట ఎక్కడా లేదు. 1985లో రాజ్యాంగంలోకి వచ్చిన పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం, రెండు సందర్భాల్లో సభ్యత్వం పోతుందంటుంది: పార్టీ సభ్యత్వాన్ని స్వచ్ఛందంగా వదులుకున్నప్పుడు, విప్‌ను (సభలో ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని) ధిక్కరించి ఓటేసినప్పుడు. వదులుకోవడం అంటే రాజీనామా పత్రం ఇవ్వడమేనా? కాదని 1994లో రవి నాయక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రాజీనామా లేకపోయినా ప్రవర్తనను బట్టి అర్థం చేసుకోవచ్చు.

కాబట్టి కండువా ఒక సాక్ష్యం అవుతుంది. అదొక్కటే చాలా అన్నది స్పీకర్ తేల్చాలి. అభివృద్ధి పనుల కోసం ముఖ్యమంత్రిని కలిస్తే మర్యాదగా కప్పారని ఎమ్మెల్యే అనొచ్చు. మన దగ్గర శాలువా కప్పడం మర్యాదే కదా. తర్వాత ఆ పార్టీ సభల్లో కూర్చోవడం, ఆ పార్టీకి ఓటేయమని అడగడం తోడైతే ఆ మాట నిలవడం కష్టం. తెలంగాణలో బీఆర్ఎస్ తరఫున గెలిచి కాంగ్రెస్‌లోకి వెళ్లారన్న 10 మంది ఎమ్మెల్యేల విషయంలో మూడు నెలల్లో నిర్ణయం తీసుకోవాలని 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పింది. అసలు జాప్యం అక్కడే జరుగుతుంది కాబట్టి ఓటరుకు ఆ గడువే ముఖ్యం.

పోలింగ్ రోజు, 100 మీటర్ల గీత

పోలింగ్ కేంద్రానికి 100 మీటర్ల లోపల ప్రచారం చేయడం, ఎన్నికకు సంబంధించిన గుర్తు ప్రదర్శించడం ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 130 కింద నేరం. జరిమానా 250 రూపాయల దాకానే, కానీ పోలీసులు వారంట్ లేకుండా పట్టుకోవచ్చు. పార్టీ పేరు, గుర్తు, నినాదం ఉన్న టోపీ, శాలువా లాంటివి వేసుకుని కేంద్రంలోకి రాకూడదని ఎన్నికల సంఘం స్పష్టం చేసింది. పార్టీలు ఓటర్లకు ఇచ్చే చీటీలు కూడా గుర్తు, పేరు లేని తెల్ల కాగితం మీదే ఉండాలి. పార్టీల టెంటు 100 మీటర్ల అవతల ఉండాలి, 2025 మే దాకా అది 200 మీటర్లు.

దీన్ని మనుషులకు అన్వయించి చూద్దాం. పసుపు చీర కట్టుకుని వచ్చిన అమ్మ: చీర మీద గుర్తు, పేరు లేవు, ఆపాల్సిన పని లేదు. నీలం చొక్కా, ఎర్ర తువ్వాలు కూడా అంతే. ఫ్యాను గుర్తున్న కండువాతో వచ్చిన కుర్రాడు: తీసేసి రావాలి. తీయనని మొండికేస్తే ప్రిసైడింగ్ అధికారి బయటకు పంపొచ్చు. కానీ ఆ అధికారాన్ని ఓటరుకు ఓటేసే అవకాశం పోయేలా వాడకూడదని సెక్షన్ 132 చెబుతోంది. కండువా జేబులో పెట్టుకుని తిరిగొస్తే ఓటు వేయనివ్వాల్సిందే. ఈ ఒక్క మాట ప్రతి ఓటరుకూ తెలిసి ఉండాలి. గుమ్మం దగ్గర గద్దిస్తే భయపడి ఇంటికి వెళ్లిపోయేది ఎక్కువగా పేదవాళ్లు, పెద్దవాళ్లే.

చిక్కు వచ్చేది గుంపుతో. గుర్తు లేని ఒకే రంగు చొక్కాలతో 30 మంది ఒకేసారి వరుసలో నిలబడితే? అక్షరాలా చూస్తే తప్పు లేదు. అవతలి పార్టీకి వేయాలనుకున్న మనిషికి మాత్రం గుండె జారుతుంది. రంగునూ నిషేధించాలనేవాళ్లు చూపేది ఇదే. నిషేధిస్తే మామూలు బట్టల మీద అధికారుల ఇష్టారాజ్యం మొదలవుతుందన్నది ఎదుటివాళ్ల భయం. నేను రెండోవాళ్ల వైపే మొగ్గుతాను. గుంపు బెదిరింపును గుంపుగానే, పోలీసు బందోబస్తుతో ఆపాలి.

అమెరికాలో ఇలాంటి తగవే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మిన్నెసోటా రాష్ట్ర చట్టం పోలింగ్ కేంద్రంలో "రాజకీయ" బ్యాడ్జీలు, దుస్తులు వద్దంది. ఒక ఓటరు టీషర్టును, బ్యాడ్జీని అడ్డుకున్నారు. 2018 జూన్ 14న కోర్టు 7-2 తీర్పుతో ఆ చట్టాన్ని కొట్టేసింది. ఓటింగ్ గదిలో ప్రశాంతత కోసం నిషేధం పెట్టొచ్చు, కానీ "రాజకీయ" అంటే ఏమిటో సిబ్బంది ఊహకు వదిలేయకూడదు అన్నది సారాంశం. మన నియమం పేరు, గుర్తు, నినాదం అని విడమరిచి చెప్పడం వల్ల ఆ పరీక్షలో కొంత నయం.

ఇక చివరి సందేహం. ఓటేసి, గీత దాటి బయటికొచ్చాక అదే కండువా మళ్లీ వేసుకోవచ్చా? 100 మీటర్ల నిబంధన వరకు చూస్తే అడ్డు లేదు. అయితే పోలింగ్ ముగిసే గంటకు ముందు 48 గంటలు సభలు, ఊరేగింపులు, టీవీల్లో ఎన్నికల ప్రచార ప్రదర్శన సెక్షన్ 126 కింద నిషేధం. 2014 ఏప్రిల్ 30న నరేంద్ర మోదీ అహ్మదాబాద్‌లో ఓటేసి బయటికొచ్చి, కమలం గుర్తు చేత్తో పట్టుకుని విలేకరులతో మాట్లాడారు. ఎన్నికల సంఘం ఆదేశంతో ఆ సెక్షన్ కింద కేసు పెట్టారు, తర్వాత అది నిలవలేదు. మామూలు ఓటరు మెడలో కండువా వేసుకుని టీ తాగి ఇంటికి వెళ్తే అది సభా కాదు, ప్రసారమూ కాదు. అదే కండువాతో పదిమందిని పోగేసి నినాదాలు మొదలుపెడితే మాత్రం ఎన్ని మీటర్ల అవతల ఉన్నా సెక్షన్ 126 అక్కడికీ వస్తుంది.